కుటుంబ ఫౌండేషన్ నుంచి పిల్లల సంస్థలకి గ్రాంట్లు ఇవ్వడం ఎలా: మొదటి మీటింగ్ నుంచి మూడో ఏడాది దాకా

మొదటి మీటింగ్ దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకేలా జరుగుతుంది. టేబుల్ చుట్టూ ఆరుగురు కూర్చుంటారు, పెద్దాయన "పిల్లలకి ఏదైనా చేద్దాం" అంటారు, అందరూ తలూపుతారు, పావుగంటలో స్కూల్ బ్యాగులు పంచుదామని ఒకరు, కంప్యూటర్లు కొనిద్దామని ఇంకొకరు, అమ్మ పేరు మీద అనాథాశ్రమం కడదామని మరొకరు. ఇంకో పావుగంటకి బ్యాగు మీద లోగో ఏ రంగులో ఉండాలన్న దగ్గరికి వచ్చేస్తారు. బడి వదిలేశాక అమ్మానాన్నా పని నుంచి వచ్చేదాకా ఆ పిల్లలు ఎక్కడుంటారు, ఎవరితో ఉంటారు అని మాత్రం ఆ అరగంటలో ఎవ్వరూ అడగరు.

నేను ఇలాంటి ఫౌండేషన్లకి గ్రాంట్ల పని చూస్తుంటాను, అంటే దరఖాస్తులు చదవడం, సంస్థల దగ్గరికి వెళ్ళి చూసి రావడం, బోర్డుకి నోట్ రాయడం, తర్వాత ఫోన్లు చేస్తూ ఉండటం. నాకు బాగా అర్థమైంది ఒకటే, పిల్లల సేవల్లో అసలు సరుకు వస్తువులు కాదు, రోజూ అదే టైముకి వచ్చి ఆ పిల్లల్ని పేరు పెట్టి పిలిచే మనిషి, ఆ మనిషి జీతానికే డబ్బిచ్చేవాళ్ళు దొరకరు. కింద రాసిందంతా డబ్బుని ఆ జీతం దాకా ఎలా తీసుకెళ్ళాలన్న గొడవే.

ముందు, అసలు ఫౌండేషన్ పెట్టాలా?

చాలామందికి అక్కర్లేదు. రిజిస్ట్రేషన్, ఆడిట్, ఏటా రిటర్నులు, బోర్డు మినిట్స్, చిన్న మొత్తానికి ఇవన్నీ మోయలేని బరువు. అమెరికాలో అయితే ఒక ఊరి దాతల డబ్బు కలిపి నడిపే కమ్యూనిటీ ఫౌండేషన్‌లో డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ తెరిచే దారుంది, ఎవరికి ఇవ్వాలో మీరు సూచిస్తారు, కాగితాల పని వాళ్ళు చూసుకుంటారు. ఇదేం కొత్త పద్ధతి కాదు, మొదటి కమ్యూనిటీ ఫౌండేషన్‌ని 1914లోనే ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకర్ క్లీవ్‌లాండ్‌లో మొదలుపెట్టాడు. స్థానికంగా ఏ సంస్థ ఎలాంటిదో తెలిసిన స్టాఫ్ వాళ్ళ దగ్గరుంటారు, నా లెక్కలో పన్ను లాభం కన్నా అదే పెద్ద లాభం.

లేదు, మా పేరు మీద ఫౌండేషనే కావాలి అంటే మీ దేశం రూల్స్ ముందు తెలుసుకోండి. అమెరికాలో 1969 పన్ను చట్టం వచ్చినప్పటి నుంచి ప్రైవేట్ ఫౌండేషన్లకి ఏటా ఇంత ఖర్చు పెట్టి తీరాలన్న నియమం ఉంది, ఇప్పుడది పెట్టుబడి ఆస్తుల విలువలో సుమారు 5 శాతం, గ్రాంట్లతో పాటు వాటి నిర్వహణకి అయ్యే సమంజసమైన ఖర్చు కూడా అందులో లెక్కకొస్తుంది. సెల్ఫ్ డీలింగ్, అంటే ఫౌండేషన్ డబ్బుని ఇంట్లోవాళ్ళ సొంత లాభానికి వాడుకోవడం, అక్కడ చాలా సీరియస్, మీ అబ్బాయి ఒక సంస్థకి తన సొంతంగా ఇస్తానని రాసిచ్చి ఆ బాకీని ఫౌండేషన్ డబ్బుతో తీర్చాడనుకోండి, అది ఎంత మంచి సంస్థైనా సరే తప్పు తప్పే. ఫౌండేషన్లు ఏటా వేసే 990-పీఎఫ్ అనే పన్ను రిటర్ను ఎవరైనా చూడొచ్చు, ఎవరికెంత ఇచ్చారో అందులో ఉంటుంది. ఇండియాలో ట్రస్టు అయితే మామూలుగా ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే పనికి వాడాలి, పైగా 2023 ఫైనాన్స్ చట్టం తర్వాత మీరు ఇంకో ట్రస్టుకి ఇచ్చిన విరాళంలో 85 శాతమే వాడినట్టు లెక్క. విదేశీ డబ్బు తీసుకుంటే ఇంకా జాగ్రత్త, విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏకి 2020లో వచ్చిన సవరణ ప్రకారం ఆ డబ్బుని వేరే సంస్థకి గ్రాంటుగా ఇవ్వకూడదు. ఇవన్నీ ఆడిటర్‌తో కూర్చుని ఒక పూట మాట్లాడాల్సినవి, వాట్సాప్‌లో తేలేవి కావు.

స్టెప్ 1: ఇంట్లోవాళ్ళ మాట ఒక్క పేజీ మీదకి తెచ్చుకోండి

ఒక్క పేజీ చాలు. ఏ ఏరియా, ఏ వయసు పిల్లలు, ఏడాదికి ఎన్ని గ్రాంట్లు, చివర్లో "మేం వీటికి ఇవ్వం" అని ఒక లిస్టు. ఈ చివరి లిస్టే మీ చుట్టరికాల్ని కాపాడేది, ఎందుకంటే ఫౌండేషన్ పెట్టారని తెలిసిన వారంలోనే బావగారి ఫ్రెండ్ ఫోన్ చేస్తాడు, "ఇది మా బోర్డు పాలసీలో లేదండీ" అని చెప్పడం "నేనివ్వను" అని చెప్పడం కన్నా వెయ్యి రెట్లు సులువు.

ఇంకో చిట్కా, గొడవలు పడే కుటుంబాలకి ఇది బాగా పనిచేస్తుంది. మొత్తంలో పదో వంతు పక్కన పెట్టి తలా కాస్త పంచెయ్యండి, మీ అన్నయ్యకి కుక్కల షెల్టర్ ఇష్టమైతే ఆయన వాటాలోంచి ఇస్తారు, బోర్డులో చర్చ ఉండదు (చెక్కు మాత్రం అర్హత ఉన్న సంస్థకే వెళ్ళాలి, ఫౌండేషన్ పేరు మీదే వెళ్ళాలి). మిగతా తొమ్మిది వంతుల దగ్గర మాత్రం అందరూ కలిసి పేజీలో రాసుకున్న మాట మీదే నిలబడాలి.

స్టెప్ 2: రెండు నెలలు చెక్‌బుక్ ముట్టుకోకండి, తిరగండి

అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడ మాత్రం పెట్టేవాళ్ళే వెళ్ళి అడగాలి. ప్రైమరీ స్కూల్ టీచర్, పిల్లల డాక్టర్ దగ్గర పనిచేసే నర్సు, లైబ్రరీ చూసుకునే ఆవిడ, స్కూల్ బస్ డ్రైవర్, చిన్నపిల్లల తల్లులు ఒక పదిమంది. బస్ డ్రైవర్ అంటే నవ్వుతారేమో, ఏ స్టాపులో దిగిన పిల్లాడి కోసం ఎవరూ ఎదురుచూడరో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. తల్లుల టైము తీసుకుంటే దానికి డబ్బివ్వండి, ఒక పూట పని మానుకుని వచ్చి మీకు సమాచారం ఇస్తున్నారు.

సంస్థలవాళ్ళని "మీ అవసరాలేంటి" అని అడిగితే ముందే తయారుగా ఉన్న లిస్టు వస్తుంది. నేను అడిగేది "పోయిన నెల చోటు లేదనో స్టాఫ్ లేరనో ఎవర్ని వెనక్కి పంపించారు?" అని. అప్పుడు కాసేపు ఆలోచించి నిజం చెప్తారు.

ఇంటికొచ్చాక ఒక పెద్ద కాగితం మీద వయసులు రాసుకోండి, పుట్టినప్పటి నుంచి మూడు, మూడు నుంచి ఆరు, ఆరు నుంచి పన్నెండు, పదమూడు నుంచి పద్దెనిమిది. ఏ వయసుకి ఏ సేవ ఉందో ఎక్కిస్తూ పోతే నేను చూసినంతవరకు మధ్యలో కిక్కిరిసి ఉంటుంది, రెండు చివర్లూ ఖాళీ. పసిపిల్లలు స్టేజీ మీద పాట పాడలేరు, టీనేజీవాళ్ళు ఫొటోలో నవ్వరు, అందుకే దాతలకి ఆ వయసులు కనపడవని నా అనుమానం.

స్టెప్ 3: దేనికి ఇవ్వాలో తేల్చుకోవడం

ఇక్కడ కాస్త ఆగాలి, డబ్బు ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే.

ముందు అనాథాశ్రమం సంగతి. మనసులో ఏమనుకోకండి, కట్టొద్దు. ప్రపంచంలో ఇలాంటి సంస్థల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు, పేదరికం వల్లో జబ్బు వల్లో బడి కోసమో అక్కడ చేర్చారు. 2000లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో మొదలైన ఒక అధ్యయనంలో ఆశ్రమాల్లో ఉన్న 136 మంది చిన్నపిల్లల్ని తీసుకుని, లాటరీ పద్ధతిలో కొందరిని పెంపుడు కుటుంబాలకి పంపించారు, కుటుంబాలకి వెళ్ళిన పిల్లలు తెలివితేటల్లోనూ మనుషులతో అనుబంధంలోనూ బాగా ముందుకొచ్చారు, రెండేళ్ళ లోపు వెళ్ళినవాళ్ళు ఇంకా ఎక్కువ. 2009లో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వీలైనంతవరకు పిల్లల్ని కుటుంబంలోనే ఉంచమంటాయి. కాబట్టి అమ్మ పేరు పెట్టాలనుంటే పిల్లలు ఇల్లు వదిలి వెళ్ళకుండా ఆపే పనికి పెట్టండి, ఒంటరి తల్లికి డే కేర్, జబ్బుపడ్డ తండ్రి ఉన్న ఇంటికి అద్దె సాయం, మనవల్ని సాకుతున్న అమ్మమ్మకి నెలనెలా ఇంత అని. బిల్డింగ్ మీద పేరు చెక్కిన రాయి ఉండదు, నిజమే.

రెండోది ఓపిక. మిషిగన్‌లో ఇప్సిలాంటి అనే ఊళ్ళో 1962లో పెర్రీ ప్రీస్కూల్ అని 123 మంది పిల్లలతో ఒక ప్రయోగం మొదలైంది, కొందరికి మంచి ప్రీస్కూల్, టీచర్లు వారానికోసారి ఇంటికెళ్ళి తల్లితో కూర్చోవడం, మిగతావాళ్ళకి అవేం లేవు. మొదట్లో ఐక్యూ బాగా పెరిగింది, కొన్నేళ్ళకి ఆ తేడా కరిగిపోయింది. అక్కడితో ఆపి రిపోర్టు రాసి ఉంటే ప్రోగ్రాం ఫెయిలని మూసేసేవాళ్ళు. కానీ ఆ పిల్లల్ని నలభై ఏళ్ళ వయసు దాకా గమనిస్తూ వచ్చారు, ప్రీస్కూల్‌కి వెళ్ళినవాళ్ళలో హైస్కూల్ పూర్తి చేసినవాళ్ళు ఎక్కువ, సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. ఏడాది తిరక్కుండానే "ఇంపాక్ట్ ఎంత?" అని అడిగే ట్రస్టీకి నేను ఈ కథే చెప్తాను.

స్టెప్ 4: అప్లికేషన్ చిన్నగా పెట్టండి

ఇందులో నా తప్పొకటి ఉంది, చెప్పేస్తాను. మొదట్లో పద్నాలుగు పేజీల ఫారం నేనే తయారుచేశాను, లాజిక్ మోడల్ (ఏ పని వల్ల ఏ ఫలితం వస్తుందో చూపే పట్టిక), ఐదేళ్ళ ప్లాను, అన్నీ. పసిపిల్లల్ని చూసుకునే చిన్న సెంటర్ ఒకటి, ఒకావిడా ఇంకో ఇద్దరూ నడుపుతారు, రెండు రాత్రులు కూర్చుని నింపి పంపించారు. మేం ఇవ్వలేదు, ఎందుకంటే వాళ్ళు మా ఏరియా బయట ఉన్నారు. ఆ సంగతి ఒక్క ఫోన్ కాల్‌లో తేలిపోయేది. తర్వాత ఆవిడతో మాట్లాడినప్పుడు "పర్లేదండీ, అలవాటే" అన్నారు, ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

ఇప్పుడు చేసేది ఇది. ముందు పదిహేను నిమిషాల ఫోన్, మాకు కుదరదనిపిస్తే అక్కడే చెప్పేస్తాం. కుదిరితే మూడు పేజీలు, ఏం చేస్తారు, ఎవరు చేస్తారు, ఈ డబ్బు లేకపోతే ఏం ఆగిపోతుంది. ఇంకో దాతకి రాసిన అప్లికేషన్ ఉంటే అదే పంపమంటాం. చిన్న గ్రాంటుకి చిన్న అప్లికేషన్, ఇదొక్కటి గోడమీద రాసి పెట్టుకోండి.

స్టెప్ 5: కాగితాలు

రిజిస్ట్రేషన్, పన్ను మినహాయింపు పత్రాలు, మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు, బోర్డు సభ్యుల పేర్లు. ఆడిట్‌లో నేను ముందు చూసేది ఒక భాగహారం, చేతిలో ఉన్న డబ్బుని నెల ఖర్చుతో భాగిస్తే ఎన్ని నెలలొస్తుంది అని. అందులో కూడా ఫలానా పనికే వాడాలని ఎవరో షరతు పెట్టి ఇచ్చిన డబ్బు తీసేసి లెక్కెయ్యాలి. ఒక నెల కూడా రాకపోతే భయపడి పారిపోకండి, ఎందుకలా ఉందో అడగండి, చాలాసార్లు ప్రభుత్వం నుంచి రావాల్సిన బిల్లు ఆగి ఉంటుంది. అదే రెండేళ్ళ డబ్బు పక్కన పెట్టుకుని కూడా వచ్చేవారం మూసేస్తామన్నట్టు లెటర్ రాస్తే, అప్పుడు అనుమానించాలి.

పిల్లల భద్రత దగ్గర మాత్రం మొహమాటం వద్దు. కొత్త స్టాఫ్‌ని తీసుకునే ముందు వెనకటి చరిత్ర ఎలా చూస్తారు, ఒక పెద్దమనిషి ఒక పిల్లాడితో తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండే సందర్భం ఉందా, పిల్లలు ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరికి చెప్తారు, చివరిసారి ఫిర్యాదు వచ్చినప్పుడు ఏం చేశారు. "మా దగ్గర అలాంటివి ఎప్పుడూ జరగవండీ" అన్న జవాబు నాకు భరోసా ఇవ్వదు, భయం పుట్టిస్తుంది. "ఒకసారి వచ్చింది, ఆరోజే పనిలోంచి తప్పించాం, రిపోర్టు చేశాం" అన్నవాళ్ళని నమ్ముతాను.

స్టెప్ 6: వెళ్ళి చూడండి, కానీ పండగ చేయించుకోకండి

పూలదండలు, స్వాగతం పాట, పిల్లల డ్యాన్సు, వీటికోసం వారం రోజులు చదువు మానిపించి ప్రాక్టీస్ చేయిస్తారు. ముందే చెప్పండి, అవేం వద్దు, ఇద్దరమే వస్తాం, ఒక మూల కూర్చుంటాం అని. టైము సెంటర్ మూసే వేళకి పెట్టుకోండి.

ఒకసారి అలా వెళ్ళాను, సాయంత్రం సెంటర్, నలభై మంది పిల్లలు. ఆరున్నరకి మూసెయ్యాలి, ఆరు నలభైకి కూడా ఒక పాప ఉండిపోయింది, ఐదేళ్ళుంటాయి, బూట్లు వేసుకుని బ్యాగు ఒళ్ళో పెట్టుకుని గుమ్మం వైపే చూస్తోంది. మిగతా స్టాఫ్ వెళ్ళిపోయారు. ఒక్క టీచర్ మాత్రం కుర్చీలు బల్లమీద ఎక్కిస్తూ మధ్యమధ్యలో "నాలుగు పెట్టాను, నువ్వు లెక్కపెడుతున్నావా లేదా?" అని పాపని అడుగుతోంది. పాప లెక్కపెట్టడం మొదలెట్టింది. పదిహేడో కుర్చీ దగ్గర తల్లి పరిగెత్తుకుంటూ వచ్చింది, డ్యూటీ మార్చేవాళ్ళు లేట్‌గా వచ్చారట. రిజిస్టర్‌లో 6:55 అని రాసి సంతకం పెట్టించుకుంది ఆ టీచర్. వెనక్కి తిరగేసి చూస్తే ఆ నెలలో అలాంటివి పదకొండు, ఆ అదనపు టైముకి ఆమెకి జీతం లేదు. వాళ్ళ అప్లికేషన్‌లో అడిగింది బొమ్మలకి, ఎందుకంటే జీతానికి అడిగితే ఎవరూ ఇవ్వరని వాళ్ళకి తెలుసు.

స్టెప్ 7: ఎంత, ఎన్నాళ్ళు, ఏ షరతుతో

ఉదాహరణకి అలాంటి సెంటర్ ఖర్చు మొత్తం వంద అనుకుందాం. జీతాలు 60, అద్దె కరెంటు 15, తిండి 10, పుస్తకాలు బొమ్మలు 5, అకౌంట్స్ ఇన్సూరెన్స్ ట్రైనింగ్ కలిపి 10. దాతలందరూ ఆ తిండీ పుస్తకాల 15 కోసం పోటీపడతారు, మిగతా 85 నిజమైన అనాథ. పైగా "మా డబ్బులో ఒక్క పైసా కూడా ఆఫీసు ఖర్చుకి పోకూడదు" అని షరతు ఒకటి, అకౌంటెంట్ లేకుండా ఆడిట్ రిపోర్టు కావాలంటారు, అదెక్కడి న్యాయమో నాకర్థం కాదు.

అందుకని సంస్థ మీద నమ్మకం కుదిరాక డబ్బుని ఫలానా పనికే అని కట్టెయ్యకండి, వాళ్ళ పనంతటికీ కలిపి ఇవ్వండి. అమెరికాలో పెద్ద దాత మెకంజీ స్కాట్ 2020 నుంచి రెండువేలకి పైగా సంస్థలకి ఇలాగే పెద్ద మొత్తాలు ఏ షరతూ లేకుండా ఇస్తూ వస్తోంది, ఇదేం పిచ్చి పని కాదు. కనీసం మూడేళ్ళకి మాటివ్వండి. ఏడాది గ్రాంటుతో ఎవర్నైనా ఉద్యోగంలోకి తీసుకోవాలంటే వాళ్ళకి చెప్పాల్సింది "పదకొండో నెలలో చూద్దాం" అని, మంచి టీచర్ ఆ మాటకి ఎందుకొస్తుంది? ఇరవై సంస్థలకి తలో చిటికెడు ఇచ్చే బదులు ఐదుగురికి మూడేళ్ళు ఇవ్వండి. ఒక సంస్థ బడ్జెట్‌లో మూడో వంతు దాటొద్దని నా సొంత లెక్క, దాటితే మీరు తుమ్మినా వాళ్ళకి జలుబే.

స్థానికుల వాటా గురించి ఒక మాట. జూలియస్ రోజెన్‌వాల్డ్, సియర్స్ అనే అమెరికా రిటైల్ కంపెనీని నడిపిన భాగస్వామి, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలకి దాదాపు 5000 స్కూళ్ళు కట్టడానికి సాయం చేశాడు, ఖర్చంతా పెట్టలేదు, స్థానికులూ ప్రభుత్వమూ కూడా వెయ్యాలన్నాడు. జనం డబ్బు, కలప, కూలి, స్థలం ఇచ్చారు, అందుకే అవి వాళ్ళ స్కూళ్ళయ్యాయి. కానీ దీనికి ఇంకో వైపుంది, అప్పటికే పన్నులు కడుతూ, ఆ పన్నుతో తమ పిల్లలకి దక్కాల్సిన స్కూళ్ళు దక్కని జనం మళ్ళీ జేబులోంచి పెట్టాల్సొచ్చింది. కాబట్టి మ్యాచింగ్ షరతు పెట్టేముందు ఆ వాటా ఎవరి జేబులోంచి వస్తుందో చూడండి.

స్టెప్ 8: బోర్డు ఓటు

రెండు పేజీల నోట్, వారం ముందు పంపాలి. ఎవరికైనా ఆ సంస్థతో చుట్టరికమో ఉద్యోగమో ఉంటే ముందే చెప్పి ఓటుకి బయటికి వెళ్ళాలి, అది మినిట్స్‌లో రాయాలి. అంతే, దీన్ని సాగదీయకండి.

స్టెప్ 9: అగ్రిమెంటు, రిపోర్టు

అగ్రిమెంటు రెండు పేజీలు, డబ్బు ఎప్పుడొస్తుంది, రిపోర్టు ఎప్పుడివ్వాలి, డైరెక్టర్ మారితే లేదా పిల్లల భద్రత విషయంలో ఏదైనా జరిగితే వెంటనే చెప్పాలి. డబ్బు ఏడాది మొదట్లోనే వెయ్యండి, బిల్లులు పెడితే తర్వాత ఇస్తాం అనేది చిన్న సంస్థల్ని అప్పులపాలు చేస్తుంది.

రిపోర్టులో నేను అడిగే అంకెలు మూడే. ఎంతమంది చేరారు అని కాదు, చేరినవాళ్ళలో రోజూ సగటున ఎంతమంది వస్తున్నారు. ఏడాది మొదట్లో ఉన్న స్టాఫ్‌లో చివరికి ఎంతమంది మిగిలారు. వెయిటింగ్ లిస్టులో ఎంతమంది ఉన్నారు. రెండో అంకె చూడగానే సెంటర్ ఆరోగ్యం తెలిసిపోతుంది. మిగతాది ఆరునెలలకోసారి ఫోన్‌లో, "ఏది అనుకున్నట్టు జరగలేదు?" అని, ఆ జవాబు వల్ల డబ్బు ఆగదని ముందే చెప్పి.

పిల్లల మొహాలు, పేర్లు, వాళ్ళ ఇంటి కథలు మాత్రం అడగొద్దు. ఈ పాప తండ్రి తాగుతాడు అని మీ వార్షిక నివేదికలో వేస్తే పదేళ్ళ తర్వాత కూడా ఆ పాప పేరు వెతికితే అదే వస్తుంది. ఖాళీ క్లాస్‌రూం ఫొటో వేసుకోండి, గోడమీద వాళ్ళు గీసిన బొమ్మలుంటాయి, చాలు.

స్టెప్ 10: కాదని చెప్పడం, ఆపెయ్యడం

కాదంటే త్వరగా చెప్పండి, కారణంతో చెప్పండి. ఆరు నెలలు "పరిశీలనలో ఉంది" అని ఊరిస్తే వాళ్ళు మీ డబ్బుని బడ్జెట్‌లో రాసేసుకుంటారు.

ఇస్తున్నది ఆపాలంటే ఏడాది ముందు చెప్పాలి, అదీ ఈమెయిల్‌లో కాదు, ట్రస్టీల్లో ఒకరు స్వయంగా వెళ్ళి. ఆఖరి ఏడాది మొత్తం సగానికి తగ్గించే అలవాటు చాలామందికుంది, నేనైతే అదే మొత్తం ఉంచి కొత్త దాతల్ని వెతుక్కోవడానికి కాస్త పైన వెయ్యమంటాను. మీకు తెలిసిన ఇంకో ఇద్దరు ఫౌండేషన్లవాళ్ళకి ఫోన్ చేసి ఈ సెంటర్‌కి వెళ్ళి చూడండని చెప్పండి. ఆరున్నర తర్వాత వెళ్ళమనండి.